అనంతపురం నుంచి తనోట్, లోంగేవాలా: సొంత బండ్లలో థార్ ఎడారి ప్లాన్, సలహాలు కావాలి

గాలిమర | ఉరవకొండ

అందరికీ నమస్తే. డిసెంబరు మూడో వారంలో రెండు బండ్లలో ఏడుగురం జైసల్మేర్ పోవాలనుకుంటున్నాం. నాది బొలెరో, మా బావమరిదిది క్రెటా. రెండింటికీ ఫోర్‌వీల్ డ్రైవ్ లేదు. మాతో నాన్న వస్తున్నారు, 64 ఏళ్లు, బీపీకి మాత్రలు వాడతారు. అక్క కూతురు కూడా ఉంది, నాలుగో తరగతి.

రూటు: అనంతపురం, బళ్లారి, హుబ్బళ్లి, పుణె, సూరత్, అహ్మదాబాద్, సాంచోర్, బాడ్‌మేర్, జైసల్మేర్. పోవడానికే రెండు వేల కిలోమీటర్లకు దగ్గర. మధ్యలో రాత్రిళ్లు ఆగుతాం కాబట్టి ఆ భాగం గురించి టెన్షన్ లేదు. జైసల్మేర్ నుంచి రాంగఢ్ మీదుగా తనోట్ మాత గుడి, అక్కణ్నుంచి 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా. ఇంతవరకు అందరూ పోయేదే.

నా ప్రశ్న ఆ తర్వాతది. మ్యాపులో లోంగేవాలా నుంచి దక్షిణంగా, ఘోటారు కోట మీదుగా సమ్ ఇసుక దిబ్బల వైపు ఒక సన్న గీత కనిపిస్తోంది. వచ్చిన దారినే తిరిగి రాకుండా అటు నుంచి పోతే అసలైన ఎడారి చూసినట్టుంటుందని బావమరిది పట్టుపట్టాడు. పోవచ్చా? పోతే ఏమేం సర్దుకోవాలి?

బురుజు_కింద | కర్నూలు

అన్నా, భయపడేదేం లేదు. పోయినేడాది జనవరిలో మేం స్విఫ్ట్‌లోనే తనోట్ పోయొచ్చాం. జైసల్మేర్ నుంచి 120 కిలోమీటర్లు, రోడ్డు మన హైవేల కంటే బాగుంది. గుడి దగ్గర జనం, టీ, టిఫిన్ అన్నీ ఉన్నాయి. గుడి చూసుకునేది బీఎస్‌ఎఫ్ వాళ్లే. ఎడారి అనగానే నీళ్లు లేక పాక్కుంటూ పోతారనుకుంటాం గానీ అంత సీన్ లేదు. ఆ చిన్న రోడ్డు కూడా మ్యాపులో ఉందంటే ఉన్నట్టే కదా.

సాల్మీరోడ్డు | వేంపల్లె, కడప జిల్లా

తమ్ముడు తనోట్ దాకా చెప్పింది నిజమే. ఆ చివరి మాట మాత్రం నిజం కాదు.

నేను చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినోణ్ని. నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ దాకా అక్కడ ఎడారిలో గుడారాలేసుకునే సీజను. సేటు కుటుంబాన్ని, సామాన్లను, నీళ్ల ట్యాంకును ల్యాండ్‌క్రూజర్లో, వనేట్‌లో తోలడం నా పని. వనేట్ అంటే అక్కడ పికప్. మేం చూసినంతలో మనుషులకు ప్రాణం మీదికొచ్చేది మహా ఎడారి నడిబొడ్డులో కాదు. తారు రోడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్ల లోపలే. రోడ్డు దగ్గరే కదా అని ఒక్క బండితో, ఒక నీళ్ల సీసాతో లోపలికి తిప్పుతారు. బండి దిగబడుతుంది. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. దగ్గరే కదా అని నడక మొదలుపెడతారు.

2024 ఆగస్టులో పేపర్లలో వచ్చింది, గుర్తుందా? సౌదీలో రబ్ అల్ ఖాలీ ఎడారిలో మన తెలంగాణ యువకుడు, ఒక సూడాన్ అతను చనిపోయారు. జీపీఎస్ పనిచేయలేదు, ఇంధనం అయిపోయింది, ఫోన్ బ్యాటరీ అయిపోయింది. ఇవేవీ పెద్ద ప్రమాదాలు కావు. ఒక్కొక్కటిగా వస్తే మనం నవ్వుకునేవే.

అందుకని గాలిమర అన్నకు నా మాట: తనోట్, లోంగేవాలా మీ బండ్లలో హాయిగా పోండి. ఆ సన్న గీత మీద పోయేదాన్ని వేరే ప్రయాణంగా లెక్కేసుకుని మాట్లాడుకుందాం.

తెల్లక్రెటా | గుంతకల్లు

పట్టుపట్టిన బావమరిదిని నేనే. బావ నన్ను ఇట్లా ఊరంతా పెడతాడనుకోలేదు.

నా వాదన కూడా వినండి. రెండు బండ్లు ఉన్నాయి. డిసెంబరు కాబట్టి ఎండ ఉండదు. పగటి పూట పోతాం. మనం పుట్టిందే అనంతపురం జిల్లాలో, ఎండ, దుమ్ము, నీళ్ల కరువు మనకు కొత్తా? దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన పడేది మన జిల్లాలోనే అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం.

మేజాబల్ల | నందికొట్కూరు

తెల్లక్రెటా గారూ, నేను భూగోళం చెప్పే టీచర్ని, ఆ పాఠం నేనే చెబుతుంటాను. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. జైసల్మేర్‌లో 200 చుట్టూనే. పక్కపక్కన రాస్తారు గానీ రెండూ ఒకటి కావు. మనది కరువు నేల, జనం ఉన్న నేల. ఉరవకొండ దాటి ఏ బండ్లబాట పట్టినా కాసేపటికి ఒక ఊరో, బోరు దగ్గర మోటారు వేసుకునే మనిషో కనపడతారు. బండి ఆగితే ట్రాక్టరు వస్తుంది. ఈ అలవాటే మనల్ని అక్కడ మోసం చేస్తుంది. సరిహద్దు పక్కన మీరు అడిగిన దారిలో గంటల తరబడి ఎవరూ ఎదురు రాకపోవచ్చు.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. అది పాకిస్తాన్‌తో అంతర్జాతీయ సరిహద్దు. తనోట్, లోంగేవాలాలకు మన దేశస్థులు మామూలుగా పోయిరావచ్చు. సరిహద్దు పిల్లర్ల వైపు, కొన్ని లోపలి దారుల్లోకి మాత్రం బీఎస్‌ఎఫ్ లేదా జిల్లా అధికారుల అనుమతి కావాలి. పరిస్థితిని బట్టి ఈ నిబంధనలు మారుతుంటాయి. పోయినేడాది ఎవరో పోయారు కాబట్టి ఈ ఏడాదీ పోనిస్తారని అనుకోవద్దు. జైసల్మేర్‌లో దిగిన రోజే కనుక్కోండి. ఏ చెక్‌పోస్టులోనైనా వెనక్కి పొమ్మంటే వాదన పెట్టుకోకుండా తిప్పుకుని వచ్చేయండి. పోఖ్రాన్ వైపు సైన్యం ఫైరింగ్ రేంజి ఉంది, అటు దారి తప్పడం అసలు పనికిరాదు. పాత యుద్ధాలు జరిగిన నేల. ఇసుకలో తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏది కనిపించినా పాపను ముట్టుకోనివ్వకండి.

సాల్మీరోడ్డు

టీచరు గారు చెప్పిన చివరి ముక్కకు చేతులెత్తి దండం. కువైట్‌లో 1990, 91 యుద్ధం నాటి మందుపాతరలు, పేలని గుండ్లు ఎడారిలో ఇంకా బయటపడుతుంటాయి. గొర్రెలు కాసే మనవాళ్లకు మేం మొదట చెప్పేది అదే, కనపడిన దాన్ని కాలితో కూడా తన్నొద్దని.

పాతగ్యారేజీ | ప్రొద్దుటూరు

బస్సుల గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ని. బావమరుదుల పట్టు వేడెక్కిన రేడియేటర్ మూతలాంటిది, వెంటనే ముట్టుకోకూడదు. ముందు బండ్ల సంగతి చూద్దాం.

టైర్లు. అరుగుదల ఒక్కటే చూస్తారు అందరూ. టైరు పక్కన ఒక గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటిన టైరు చూడ్డానికి కొత్తగా ఉన్నా, రబ్బరు గట్టిపడి ఉంటుంది. రెండు వేల కిలోమీటర్ల హైవే, ఆ తర్వాత ఇసుక అంటే దాన్ని నేను నమ్మను. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. దాన్ని ఎవరూ బయటికి తీసి చూడరు.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే సుమారు రెండు పాయింట్లు (పీఎస్‌ఐ) ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం ఎక్కువైందని గాలి తీసేసి, తెల్లారి చలిలో తక్కువ గాలితో తోలేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక కూలెంట్, ఫ్యాన్ బెల్టు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ. పాతబడిన గొట్టం వేలితో నొక్కితే మెత్తగా నొక్కుకుపోతుంది, లేదా పెళుసుగా పగులు చూపిస్తుంది, రెండూ మార్చాల్సినవే. ఎయిర్ ఫిల్టరు రోజూ సాయంత్రం తీసి దులపండి. ఒక ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, కూలెంట్ డబ్బా, జాకీ, జాకీ కింద పెట్టడానికి అడుగు వెడల్పు చెక్క పలక. ఇసుకలో జాకీ పైకి లేవదు, అదే కిందికి దిగుతుంది. అందుకే పలక.

బురుజు_కింద

సార్, ఇసుకలో గాలి తగ్గించాలంటారు కదా, ఎంత దాకా? మా ఫ్రెండు 10కి దించేస్తే చాలంటాడు.

హగరి_ఒడ్డు | కణేకల్లు

దీనికి నేను చెబుతా. మా దగ్గర హగరి ఒడ్డున, దర్గాహొన్నూరు వైపు ఇసుక దిబ్బలు ఉన్నాయని తెలిసే ఉంటుంది. గాలికి పొలాల మీదికి ఇసుక వచ్చి పడే ఊళ్లు మావి. ఆ ఇసుకలోనే బండి తోలడం నేర్చుకున్నాం.

రోడ్డు మీద 33 ఉండే టైరును మెత్తటి ఇసుకలో 20కి దించితే నేల మీద ఆనే భాగం పొడవుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది, దిగబడదు. మీ బండ్లకు 18 కంటే తగ్గించొద్దు. 10, 12 అనేది బాగా ఇరుక్కున్నప్పుడు తెలిసినవాళ్లు చేసే పని. ఆ గాలితో స్టీరింగ్ ఒక్కసారి గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఇసుకలో టైరు ఊడితే ఆ రోజు అక్కడే. క్రెటాకు టైరు గోడ పొట్టి, దానికి ఇంకా జాగ్రత్త. గాలి తగ్గించాక నెమ్మదిగా పోవాలి. తారు ఎక్కేముందు మళ్లీ ఎక్కించుకోవాలి, లేకపోతే హైవేలో టైరు వేడెక్కి పేలుతుంది. అంటే కంప్రెసర్ బండిలో లేకుండా గాలి తీయడమే తప్పు.

దిగబడితే: యాక్సిలరేటర్ తొక్కొద్దు. చక్రం ఒక చుట్టు తిరిగినా గొయ్యి లోతవుతుంది. దిగి చూడండి. బండి కడుపు ఇసుకకు ఆనకపోతే మీరు ఇంకా బయటపడగలరు. నాలుగు చక్రాల ముందు, వెనక పారతో తీయండి, స్టీరింగ్ నేరుగా పెట్టి, వచ్చిన జాడలోనే రివర్సులో నిదానంగా రండి. వచ్చిన జాడ గట్టిపడి ఉంటుంది. క్రెటాలో ఈఎస్‌సీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) బటన్ ఆపాలి, లేకపోతే చక్రం జారగానే అదే పవర్ కోసేస్తుంది. పెన్నలో ఇసుక ట్రాక్టర్లు దిగబడితే కందికట్టె, గోనెసంచులు వేస్తారు చూశారా, ఆ పని ఇక్కడా చేస్తుంది. కాకపోతే అక్కడ కందికట్టె దొరకదు, గోనెసంచులో మందం రబ్బరు మ్యాట్లో మనమే తీసుకుపోవాలి.

దిబ్బ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగానే. అడ్డంగా పోతే బొర్లా పడుతుంది. గాలి వచ్చే వైపు ఏటవాలు నిదానంగా ఉంటుంది, అవతలి వైపు గోడలా జారిపోతుంది. కొన మీద ఆగి, దిగి, నడిచి చూశాకే. పొద్దున చలికి ఇసుక గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి అదే చోట మెత్తబడుతుంది. పొద్దున పోయొచ్చాం కదా అని సాయంత్రం అదే దిబ్బ ఎక్కబోయి ఇరుక్కునేది ఇందుకే.

పాతగ్యారేజీ

హగరి అబ్బాయి బాగా చెప్పినాడు. ఒకటి కలుపుతా. తాడుతో లాగేటప్పుడు ట్రెయిలర్ తగిలించే గుండు కొక్కేనికి తాడు వేయొద్దు. అది ఊడితే తుపాకి గుండే. క్రెటా టూల్ కిట్లో మర బిగించే కొక్కెం ఒకటి ఉంటుంది, ఇప్పుడే తీసి బిగించి చూసుకోండి, ఇసుకలో వెతుక్కోవద్దు. అది కూడా నేరుగా లాగడానికే, పక్కకు గుంజడానికి కాదు. తాడు మధ్యలో ఒక దుప్పటి వేయండి, తెగినా అంతగా ఎగరదు. మనుషులంతా తాడు పొడవుకు రెండింతలు దూరం.

చుక్కమల్లి | అనంతపురం

నేను ఆసుపత్రిలో నర్సుని. పెద్దాయన గురించి, పాప గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

డిసెంబరు కాబట్టి ఎండ ఉండదనే మాట సగమే నిజం. మే నెలలో ఆ ప్రాంతం వేరు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోడీలో 51 డిగ్రీలు నమోదైంది, దేశంలో అదే రికార్డు. డిసెంబరులో అంత వేడి ఉండదు. కానీ గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేయదు, నీళ్లు తాగరు. సాయంత్రానికి తలనొప్పి, నీరసం. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు తక్కువైనట్టే. నాన్నగారి బీపీ మాత్రల్లో నీటిని బయటికి పంపే మాత్ర ఉందేమో డాక్టరును అడగండి, ఉంటే ప్రయాణంలో ఎట్లా వాడాలో ఆయనే చెబుతారు. మీరై మీరు మాత్ర ఆపేయొద్దు. మాత్రలు రెండు చోట్ల పెట్టండి, ఒక సెట్టు ఒక బండిలో, ఇంకోటి రెండో బండిలో.

నీళ్లు: మనిషికి రోజుకు తాగడానికే ఐదు లీటర్లు, ఇంకో రోజుకు సరిపడా అదనం. ఏడుగురికి 70 లీటర్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. అవి అయిపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే పాపకు ప్రమాదం.

ఎండాకాలంలో పోయేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి: మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. తాగించడానికి పెనుగులాడొద్దు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి విసురుతూ ఆసుపత్రికి పోవాల్సిందే. డిసెంబరులో మీకు అసలు ఇబ్బంది రాత్రి చలి. పది డిగ్రీల కిందికి పోతుంది. బండి ఆగిపోయి రాత్రి ఉండాల్సి వస్తే మనిషికో దుప్పటి లేకపోతే పెద్దాయన తట్టుకోలేరు.

సాల్మీరోడ్డు

అక్కా, చాలా మంచి మాట. నీళ్ల గురించి ఒకటి. మనవాళ్లు 20 లీటర్ల బబుల్ క్యాన్లు మూడు పడేసి సరిపోయింది అనుకుంటారు. ఒకటి పగిలితే మూడో వంతు పాయె. ఐదు లీటర్ల క్యాన్లు తీసుకుని రెండు బండ్లలో సగం సగం పెట్టండి.

డీజిల్: మామూలు మైలేజీ లెక్క ఇసుకలో పనిచేయదు, రెండింతలు తాగుతుంది. జైసల్మేర్‌లో ఫుల్ ట్యాంకు చేయించి, సగానికి వస్తే తిరుగుముఖం. పెట్రోలు, డీజిల్ నీళ్ల క్యాన్లలో మోయొద్దు.

ఇక అసలు సంగతి. బండి ఆగిపోతే బండిని వదలొద్దు. వెతికేవాళ్లకు దూరం నుంచి బండి కనపడుతుంది, మనిషి కనపడడు. బానెట్ ఎత్తి పెట్టండి, అది ఎక్కడైనా సహాయం కావాలనే గుర్తు. పగలు బండి లోపల కూర్చోవద్దు, బయటికంటే అదే ఎక్కువ కాగుతుంది. పక్కన దుప్పటి కట్టి నీడ చేసుకోండి. అద్దంతో ఎండను దూరంగా వచ్చే బండ్ల వైపు కొట్టండి. స్టెప్నీ కాల్చితే నల్లటి పొగ చాలా దూరం కనపడుతుంది, కానీ ముందు వాల్వు తీసి గాలంతా వదలాలి, బండికి దూరంగా కాల్చాలి.

తెల్లక్రెటా

ఇదంతా ఎందుకన్నా, మా కజిన్ దుబాయ్‌లో ఉన్నాడు. తురాయా శాటిలైట్ ఫోను తెమ్మంటాను. నెట్‌వర్క్ సమస్యే ఉండదు.

మేజాబల్ల

వద్దు! దయచేసి వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం, దగ్గర ఉంచుకోవడం నేరం. తురాయా, ఇరిడియం అసలే నిషిద్ధం. బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా లైసెన్సుతో ఇచ్చే ఇన్‌మార్‌శాట్ ఒక్కటే చెల్లుతుంది, అది మనలాంటి యాత్రికులకు ఇచ్చేది కాదు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి మెసేజ్ పరికరాలతో విమానాశ్రయాల్లో విదేశీయులే చిక్కుకున్నారు. పాకిస్తాన్ సరిహద్దులో తురాయా ఆన్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. డ్రోను కూడా ఇంట్లోనే పెట్టండి.

తెల్లక్రెటా

సరే సార్, తురాయా క్యాన్సిల్. కజిన్‌ను ఖర్జూరాలు తెమ్మంటా.

బురుజు_కింద

మరి ఫోనే లేకపోతే ఎవరికి ఎట్లా చెప్పాలి? ఇక్కడ అందరూ సమస్యలే చెబుతున్నారు.

సాల్మీరోడ్డు

మంచి ప్రశ్న వేసినావు తమ్ముడూ. ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

మేం లోపలికి పోయే ముందు క్యాంపులో ఒకరికి చెప్పిపోయేవాళ్లం: ఎటు, ఎన్ని బండ్లు, ఎన్ని గంటలకు తిరిగొస్తాం, రాకపోతే ఎన్ని గంటలకు వెతకడం మొదలుపెట్టాలి. ఆ చివరిదే కీలకం. "సాయంత్రానికి వచ్చేస్తాం" అని చెబితే ఇంట్లోవాళ్లు తొమ్మిదికి సిగ్నల్ లేదేమో అనుకుంటారు, పదకొండుకు నిద్రపోయారేమో అనుకుంటారు. తెల్లారిపోతుంది.

ఉరవకొండలో ఉండే మనిషి ఒకరిని పెట్టుకోండి, తొందరగా కంగారుపడని మనిషి. పొద్దున జైసల్మేర్ వదిలేముందు ఇట్లా మెసేజ్ పెట్టండి: "బొలెరో, క్రెటా, ఏడుగురం. రాంగఢ్, తనోట్, లోంగేవాలా, మళ్లీ రాంగఢ్. వేరే దారిలో పోము. సాయంత్రం ఆరుకు లాడ్జిలో ఉంటాం. ఎనిమిది దాకా ఫోన్ రాకపోతే లాడ్జికి చెయ్యి, మేం రాలేదంటే వెంటనే జైసల్మేర్ పోలీసులకు చెప్పు." బండ్ల నంబర్లు, ఫొటోలు కూడా. "వేరే దారిలో పోము" అని రాశాక పోకూడదు. రాసింది ఒక దారి, పోయింది ఇంకో దారి అయితే, వెతికేవాళ్లను మనమే తప్పుదారి పట్టించినట్టు.

చుక్కమల్లి

దీనికి చిన్న జోడింపు. ఉరవకొండ నుంచి 112 కొడితే ఆంధ్రా కంట్రోల్ రూమ్‌కే పోతుంది, రాజస్థాన్‌కు కాదు. కాబట్టి ఇంటి దగ్గర మనిషికి జైసల్మేర్ పోలీసు కంట్రోల్ రూమ్ మామూలు నంబరు, ఎస్టీడీ కోడ్‌తో, ముందే రాసివ్వండి. మీరు అక్కడ ఉన్నప్పుడైతే 112 సరిపోతుంది.

మేజాబల్ల

మ్యాపు సంగతి. జైసల్మేర్ చుట్టుపక్కల మొత్తం ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకోండి, రెండు ఫోన్లలో. అద్దం దగ్గర ఎండలో పెట్టిన ఫోను వేడెక్కి ఆగిపోతుంది, ఏసీ గాలి తగిలే చోట పెట్టండి. ఒక కాగితం మీద ముఖ్యమైన మలుపులు, వాటి మధ్య కిలోమీటర్లు రాసి డాష్‌బోర్డులో ఉంచండి. మలుపు దగ్గర ఓడోమీటర్ అంకె రాసుకుంటే, దారి తప్పితే ఎంత వెనక్కి పోవాలో తెలుస్తుంది.

సమ్ పక్కనే డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది, 3,162 చదరపు కిలోమీటర్లు. మన రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షికి ఇప్పుడు దిక్కు ఆ ప్రాంతమే. దేశం మొత్తం మీద చాలా కొన్నే మిగిలాయంటారు. అది నేల మీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. దారి వదిలి గడ్డిలోకి బండి తిప్పడం చట్టం ప్రకారం తప్పు. ఎండుగడ్డి మీద కాగిన సైలెన్సర్‌తో బండి ఆపితే మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. రోళ్లపాడు పక్కన పెరిగినవాడిని, ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక తక్కువ.

హగరి_ఒడ్డు

అన్నలూ, ఇసుక మీద పోవాలనే సరదా తీరాలంటే సమ్ దగ్గర స్థానికుల జీపులు అద్దెకు దొరుకుతాయి. వాళ్ల బండి, వాళ్ల దిబ్బ, వాళ్ల తాడు. పాపను, పెద్దాయనను మాత్రం ఎక్కించకండి, వాళ్లు ఎగరేసి తోలుతారు. ఎక్కేవాళ్లు సీటు బెల్టు ఉన్న జీపే అడగండి.

గాలిమర

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి బావమరిదితో కూర్చుని తేల్చుకున్నాం. అతను పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఒప్పుకున్నంత ఇది:

లోంగేవాలా నుంచి వచ్చిన దారినే రాంగఢ్ మీదుగా వెనక్కి. ఘోటారు దారి జైసల్మేర్‌లో అనుమతి గురించి అడుగుతాం. అనుమతి ఇచ్చినా, తోడు స్థానికుడి ఫోర్‌వీల్ బండి దొరికితేనే మా ఇద్దరం ఆ బండిలో పోతాం. నాన్న, పాప, ఆడవాళ్లు ఆ రోజు జైసల్మేర్ కోట చూస్తారు. దొరకకపోతే లేదు. సూర్యుడు దిగేలోపు లాడ్జిలో ఉండాలి. ఇంటి దగ్గర మనిషిగా మా చిన్నాన్నను పెట్టాం.

తిరుగు ప్రయాణంలో కచ్ మీదుగా తెల్ల రణ్ చూసి రావాలని అక్క అంటోంది. దానికి వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

సాల్మీరోడ్డు

ఉన్నాయి. ఉప్పు నేల ఇసుక కంటే మోసం. పైన తెల్లగా, గట్టిగా, రోడ్డులా కనిపిస్తుంది, కింద బురద. గల్ఫ్‌లో సబ్ఖా అంటారు దాన్ని, దాంట్లో దిగిన బండిని క్రేన్ కూడా కష్టంగా తీస్తుంది. గాలి తగ్గించినా, మ్యాట్లు వేసినా లాభం లేదు. రోడ్డు మీదనుంచి ఒక్క చక్రం కూడా దించొద్దు. నడిచి చూసుకోండి. దానికీ పర్మిట్ ఉంటుంది, ముందే తీసుకోండి.

ఇంకోటి, రెండు చోట్లా రాత్రి పూట తోలొద్దు. ఒంటె కాళ్లు పొడవు. గుద్దితే కాళ్లు బంపర్‌కు తగులుతాయి, ఒళ్లు అద్దంలోంచి లోపలికొస్తుంది. హెడ్‌లైటు వెలుతురులో దాని కళ్లు కూడా ఎత్తులో ఉండి సరిగ్గా కనపడవు.

బురుజు_కింద

ఈ ప్లాన్ బాగుంది అన్నా. నేను ఇప్పటికీ తనోట్ గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదనే అంటాను, కానీ ఆ మెసేజ్ సంగతి మాత్రం మా నల్లమల ట్రిప్పుకు వాడుకుంటా.

తెల్లక్రెటా

పాతగ్యారేజీ సార్, ఒక చిన్న కంప్రెసర్ కొన్నా. లైటర్ సాకెట్‌లో పెట్టేది. సరిపోతుందా?

పాతగ్యారేజీ

చిన్నదైతే సాకెట్ చాలు, పెద్దదైతే ఫ్యూజు పోతుంది, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేది తీసుకో. ఇంజిన్ ఆన్‌లో ఉంచి వాడాలి. చిన్న కంప్రెసర్ 20 నుంచి 33కి నాలుగు టైర్లు ఎక్కించడానికి చాలాసేపు పడుతుంది, రెండు టైర్ల తర్వాత చల్లారనివ్వు, లేదంటే కాలిపోతుంది. ఇంటి దగ్గరే ఒకసారి గాలి తీసి ఎక్కించి చూడు. గేజీ విడిగా కొను, కంప్రెసర్ మీది గేజీని నమ్మొద్దు. స్టెప్నీ మిగతా టైర్ల సైజే ఉందో లేదో కూడా చూడు. కొన్ని బండ్లకు చిన్నది ఇస్తారు, దాంతో 80 దాటి పోకూడదు, ఇసుకలోకి అసలే వద్దు.

తెల్లక్రెటా

చూశా సార్. సైజు సరిపోయింది. నంబరు 3117 అని ఉంది.

పాతగ్యారేజీ

మార్చెయ్.